‘డివిడెండ్ కూడా వడ్డీ లాంటిదే’ అన్న మాట ఎంతవరకు నిజం?

మీరు అడిగింది ఇది. మీది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేలం అయ్యాక అప్పులు పోను నాన్నగారి చేతిలో 8 లక్షలు మిగిలాయి. ఆయనకు 66 ఏళ్లు, అమ్మగారికి 61. ఇన్నాళ్లూ డబ్బుంటే బ్యాంకులో ఎఫ్‌డీ వేయడం, లేదా ఊళ్లో తెలిసినవాళ్లకు నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాయించుకుని ఇవ్వడం, అంతే. ఇప్పుడు ఒంగోలు నుంచి ఒక ఏజెంటు వచ్చి "ఐటీసీ షేర్లు కొనండి, ఏటా డివిడెండ్ వస్తుంది, అదీ వడ్డీ లాంటిదే, 2024-25కి 1,435 శాతం ఇచ్చారు" అన్నాడు. ఆ మాట నమ్మొచ్చా అన్నది మొదటి ప్రశ్న. తాతగారి పెట్టెలో దొరికిన పాత షేర్ కాగితాలు పనికొస్తాయా అన్నది రెండోది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం కావలి, సింగరాయకొండ, ఒంగోలు బ్రాంచిల్లోనే గడిచింది. షేర్లు కొనమనడంలో తప్పు లేదు. డివిడెండ్ ఇచ్చే కంపెనీలు మంచివి కావనీ అనను. "వడ్డీ లాంటిదే" అన్న మాట మాత్రం తప్పు. వయసులో ఉన్నవాళ్లు దాన్ని నమ్మినా తట్టుకుంటారు. మందుల ఖర్చు కోసం ఆ డబ్బు మీద ఆధారపడే పెద్దవాళ్లు నమ్మితే చాలా ఇబ్బంది పడతారు.

వడ్డీ అంటే బాకీ. నాన్నగారు నోటు రాయించుకుని ఎవరికైనా లక్ష ఇచ్చారనుకోండి. ఆ మనిషికి ఆ ఏడాది రొయ్యలకు వైరస్ తగిలి చెరువు మొత్తం పోయినా వడ్డీ పోదు. కట్టలేకపోతే బాకీ కింద నిలబడుతుంది, మూడేళ్లలోపు కోర్టుకు పోయే హక్కు మీకుంటుంది. మధ్యలో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెడితే ఆ మూడేళ్లూ మళ్లీ మొదటినుంచి లెక్క. అవతలివాడికి లాభమా నష్టమా అని మీరు అడగనక్కర్లేదు, అతను చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఎఫ్‌డీ, కంపెనీ డిబెంచరు, ప్రభుత్వ బాండు అన్నీ ఈ కోవలోవే. రేటు ముందే రాసి ఉంటుంది, తేదీ ముందే రాసి ఉంటుంది.

డివిడెండ్ అలా కాదు. షేరు కొన్నారంటే మీరు కంపెనీకి అప్పు ఇవ్వలేదు, కంపెనీలో భాగం కొన్నారు. లాభం వస్తే, అందులో ఎంత పంచాలో బోర్డు ఆలోచించి సిఫార్సు చేస్తుంది. వార్షిక సర్వసభ్య సమావేశంలో షేర్‌హోల్డర్లు దాన్ని ఆమోదిస్తారు. వాళ్లు కావాలంటే తగ్గించగలరు కానీ, బోర్డు చెప్పినదానికంటే ఒక్క పైసా పెంచలేరు. ఏడాది మధ్యలో ఇచ్చే మధ్యంతర డివిడెండ్‌ను బోర్డే ప్రకటించేస్తుంది. కంపెనీల చట్టం ప్రకారం డివిడెండ్ ఆ ఏడాది లాభంలోంచో, అంతకుముందు పంచకుండా మిగుల్చుకున్న లాభంలోంచో ఇవ్వాలి. బోర్డు ఏమీ ఇవ్వనంటే, "నా డబ్బు మీ దగ్గర ఉంది కదా" అని అడిగే హక్కు షేర్‌హోల్డరుకు లేదు. ఒకసారి ప్రకటించాక మాత్రం అది బాకీగా మారిపోతుంది. 30 రోజుల్లో చెల్లించాలి. అన్యాయంగా ఎగ్గొడితే 18 శాతం బారువడ్డీ కట్టాలి, డైరెక్టర్లకు జైలు దాకా పోవచ్చు. ప్రకటించేదాకా మీది కాదు, ప్రకటించిన క్షణం నుంచి పూర్తిగా మీది.

పొలాన్ని ముందే మాట్లాడుకున్న కౌలుకివ్వడానికీ, పంటలో వాటా పంచుకునే పాలికివ్వడానికీ ఉన్న తేడా నాన్నగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కౌలు వడ్డీ లాంటిది, పాలు డివిడెండ్ లాంటిది. కాకపోతే పాలికిచ్చినప్పుడు కళ్లంలో రాశి మీ కళ్ల ముందే పంచుతారు. కంపెనీలో రాశి ఎంత ఉన్నా, ఈ ఏడు పంచాలా, కొత్త ఫ్యాక్టరీకి వాడాలా అన్నది బోర్డు చేతిలో ఉంటుంది.

మాటలతో ఎంత చెప్పినా పట్టుబడదు కాబట్టి స్టేట్ బ్యాంకు లెక్క చూడండి. 2017-18లో మొండి బాకీల దెబ్బకు స్టేట్ బ్యాంకు 6,547 కోట్లు నష్టపోయింది. ఆ ఏడాది షేర్‌హోల్డర్లకు డివిడెండ్ లేదు. 2018-19లో కాస్త లాభం కనపడింది, డివిడెండ్ మాత్రం లేదు. 2019-20లో లాభం 14,488 కోట్లు, అయినా లేదు. ఎందుకంటే కరోనా రావడంతో 2020 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ ఆదేశం ఇచ్చింది: ఆ ఏడాది లాభాల్లోంచి ఎవరూ డివిడెండ్ పంచవద్దు, డబ్బు బ్యాంకుల్లోనే ఉండాలి, రేపు ఏ నష్టం వస్తుందో తెలియదు అని. వరసగా మూడేళ్లు షేర్‌హోల్డరు ఖాతాలో డివిడెండ్ కింద సున్నా. ఆ మూడేళ్లూ అదే బ్యాంకులో ఎఫ్‌డీ వేసినవాళ్లకు ఒక్క త్రైమాసికం వడ్డీ కూడా ఆగలేదు. నష్టం వచ్చిన ఏడాదీ ఆగలేదు, లాక్‌డౌన్‌లోనూ ఆగలేదు. ఒకే బ్యాంకు, ఒకే లాభనష్టాలు. అప్పిచ్చినవాడికి ఒక అనుభవం, భాగస్వామికి ఇంకో అనుభవం.

ఇక్కడితో ఆపితే షేర్‌హోల్డరుకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. 2020-21కి స్టేట్ బ్యాంకు షేరుకు 4 రూపాయలు ఇచ్చింది. తర్వాత ఏడాది 7.10, ఆ తర్వాత 11.30, 13.70, 2024-25కి 15.90. అంటే నాలుగేళ్లలో దాదాపు నాలుగింతలు. 2020 మే నెలలో ఆ షేరు 150 దగ్గర దొరికింది. అప్పుడు కొని కదలకుండా కూర్చున్నవాళ్లకు ఆ 15.90 పెట్టిన డబ్బు మీద పది శాతం పైన. అదే సమయంలో డిపాజిటరు సంగతి వేరు. 2020లో స్టేట్ బ్యాంకు ఐదేళ్లు దాటిన ఎఫ్‌డీకి 5.4 శాతం ఇచ్చింది. అప్పుడు ఐదేళ్లకు వేసినవాళ్లకు ధరలు ఎంత పెరిగినా వచ్చింది అంతే. వడ్డీలో ఉన్న భరోసాకు ఇచ్చుకునే మూల్యం అది: తగ్గదు, పెరగదు కూడా. గడువు తీరి మళ్లీ వేసేటప్పుడు ఏ రేటు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు.

ఇప్పుడు ఆ 1,435 శాతం సంగతి. ఈ అంకె విని నాన్నగారు ఆశ్చర్యపోయారని రాశారు. డివిడెండ్ శాతాన్ని ఎప్పుడూ షేరు ముఖవిలువ (కాగితం మీద రాసి ఉండే విలువ) మీద లెక్కిస్తారు, మార్కెట్ ధర మీద కాదు. ఐటీసీ షేరు ముఖవిలువ ఒక్క రూపాయి. 2024-25కి ఆ కంపెనీ మొత్తం 14 రూపాయల 35 పైసలు ఇచ్చింది. రూపాయి మీద 14.35 అంటే 1,435 శాతమే, అంకెలో అబద్ధం లేదు. కానీ ఆ షేరు రూపాయికి ఎవరిస్తారు? 430కి కొన్నారనుకుందాం. లక్ష రూపాయలకు 232 షేర్లు వస్తాయి. డివిడెండ్ 3,329 రూపాయలు. అంటే మూడు శాతం పైన చిల్లర. అదే లక్ష ఏడు శాతం ఎఫ్‌డీలో వేస్తే 7,000. మొదటి ఏడాది చేతికొచ్చే డబ్బే చూసుకుంటే వడ్డీలో సగం కూడా లేదు. ఎవరైనా శాతాలు చెబితే "షేరుకు ఎన్ని రూపాయలు, షేరు ధర ఎంత" అని అడగండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి, అసలు లెక్క తేలుతుంది.

ఇంకో సంగతి ఆ ఏజెంటు చెప్పి ఉండడు. ఐటీసీ 2018-19లో షేరుకు 5.75 ఇచ్చింది, 2022-23కి వచ్చేసరికి ప్రత్యేక డివిడెండ్‌తో కలిపి 15.50 అయింది. మరుసటి ఏడాది 13.75కి తగ్గింది. కంపెనీ ఏమీ దెబ్బతినలేదు, ఆ ఏడాది అంతే ఇవ్వాలనుకున్నారు. మంచి కంపెనీలోనూ డివిడెండ్ ఇలా పైకీ కిందికీ కదులుతుంది. వడ్డీ అనుకుని ఇంటి ఖర్చు లెక్క వేసుకున్నవాళ్లకు ఆ తేడా తగులుతుంది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది వేరే ఉంది. మీది పొగాకు ఇల్లు, ఐటీసీ సిగరెట్ కంపెనీ. మీ పంట ధర సిగరెట్ కంపెనీలు ఎంత కొంటాయి అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. 2017 జూలైలో సిగరెట్ల మీద జీఎస్టీ సెస్ పెంచారన్న వార్త వచ్చిన మరుసటి రోజు ఐటీసీ షేరు ఒక్కరోజే పన్నెండు శాతం పైగా పడింది. ఆ ఏడాది 300 పైన ఉన్న షేరు 2020 మార్చికల్లా 150 దగ్గరికి దిగింది. పొగాకు మీద పన్ను పెరిగినా, విదేశీ ఆర్డర్లు తగ్గినా ముందు దెబ్బ తినేది మీ వేలం రేటు. సరిగ్గా అదే రోజుల్లో దాచుకున్న డబ్బు విలువ కూడా పడిపోతే ఇంటికి ఆసరా ఏముంటుంది? పొగాకు రైతు పొదుపంతా సిగరెట్ కంపెనీ షేర్లలో పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. షేర్లు కొనాలనుకుంటే ఇంకేదైనా కొనండి.

అసలు గురించీ మాట్లాడుకోవాలి. ఎఫ్‌డీలో గడువు తీరగానే అసలు తిరిగి వస్తుంది. షేరులో అసలు తిరిగిస్తామని ఎవరూ చెప్పరు. అమ్మిన రోజు ఉన్న ధరే మీ అసలు. కంపెనీ దివాలా తీస్తే ముందు తాకట్టు ఉన్న అప్పులవాళ్లు, కార్మికులు, తర్వాత తాకట్టు లేని అప్పులవాళ్లు, ఆ వరసలో చిట్టచివర ఈక్విటీ షేర్‌హోల్డరు. చాలాసార్లు అక్కడిదాకా ఏమీ మిగలదు.

డివిడెండ్ కోసం చివరి నిమిషంలో షేరు కొంటే ఫుకట్‌గా వస్తుందని కూడా కొందరు చెబుతారు. రాదు. ఎక్స్-డివిడెండ్ తేదీ అని ఒకటి ఉంటుంది. ఆ రోజుకు ముందే కొని ఉంటేనే డివిడెండ్ మీకు వస్తుంది. ఆ రోజు ఉదయం మార్కెట్ తెరవగానే షేరు ధర దాదాపు ఆ డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది. కంపెనీ ఖజానాలోంచి డబ్బు బయటికి పోతే కంపెనీ విలువ ఆ మేరకు తగ్గాలి కదా. మీ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వచ్చిన డబ్బే అది, మధ్యలో పన్ను కూడా పడుతుంది. ఎఫ్‌డీ వడ్డీ వస్తే అసలు తగ్గదు. ఈ తేడా చాలామంది చదువుకున్నవాళ్లకు కూడా తెలియదు.

పన్ను దగ్గర 2020కి ముందు పెద్ద తేడా ఉండేది. డివిడెండ్ పంచేటప్పుడు కంపెనీయే పన్ను కట్టేది, మామూలు ఇన్వెస్టరుకు చేతికొచ్చేదంతా పన్ను లేనిదే. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు వడ్డీ అయినా డివిడెండ్ అయినా మీ ఆదాయంలో కలిపి మీ స్లాబు ప్రకారం పన్ను వేస్తారు. టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) పరిమితులు మాత్రం వేరు. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఇచ్చే డివిడెండ్ ఏడాదికి 10,000 దాటితే పది శాతం పట్టుకుంటారు. బ్యాంకు వడ్డీ అయితే సీనియర్ సిటిజన్లకు లక్ష దాటాకే. నాన్నగారికి పన్ను పడే ఆదాయం లేకపోతే, టీడీఎస్ పట్టుకోవద్దని, మనవాళ్లు 15హెచ్ అని పిలిచే ఫారం బ్యాంకులో ఇచ్చినట్టే కంపెనీ తరఫున షేర్‌హోల్డర్ల లెక్కలు చూసే రిజిస్ట్రారుకు కూడా ఇవ్వవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్న పెద్దలకు డిపాజిట్ వడ్డీ మీద 50,000 దాకా మినహాయింపు ఉంది, డివిడెండ్‌కు అది లేదు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇంకో మాట. వడ్డీ కంపెనీకి ఖర్చు, పన్ను లెక్కకు ముందే తీసేస్తారు. డివిడెండ్ మాత్రం కంపెనీ తన పన్ను కట్టాక మిగిలినదాంట్లోంచి ఇస్తుంది, దాని మీద మీరు మళ్లీ కడతారు.

వడ్డీ అని పేరుంటే చాలు భద్రం అనుకోకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. బాకీ అన్నది హక్కు మాత్రమే. ఇచ్చేవాడి దగ్గర డబ్బు లేకపోతే హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. ఇళ్ల రుణాలిచ్చే ఫైనాన్స్ కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌కు ఒకప్పుడు ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే భద్రమైనదన్న రేటింగ్ ఉండేది. 2019లో కూలాక అందులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసిన పెద్దవాళ్లు చాలామందికి పూర్తి డబ్బు రాలేదు. అగ్రిగోల్డ్ బాధితులు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోనూ ఉన్నారు, వాళ్ల కష్టం మీకు తెలిసిందే. బ్యాంకులో అయితే ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీ డిపాజిట్‌కు ఆ బీమా లేదు, ఊళ్లో రాయించుకున్న నోటుకు అసలే లేదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పివ్వని మనిషి మాత్రమే 24 శాతానికి తీసుకుంటాడు అన్నది మనసులో పెట్టుకోండి. నాన్నగారి వయసులో నోట్ల వెంట తిరగడం, చెల్లు వేయించుకోవడం, గడువు దాటకుండా చూసుకోవడం ఇక చాలు.

మ్యూచువల్ ఫండ్‌లో డివిడెండ్ ప్లాన్ అని ఎవరైనా చెబితే ఇంకా జాగ్రత్త. అందులో వచ్చేదాంట్లో మీ అసలు కూడా కలిసి ఉండొచ్చు. అందుకే 2021 ఏప్రిల్ నుంచి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఆ పేరునే మార్పించింది, ఇప్పుడు దాన్ని ఐడీసీడబ్ల్యూ అంటారు, అంటే ఆదాయం పంచడంతోపాటు పెట్టుబడిని వెనక్కి ఇవ్వడం. చీటీల్లో డివిడెండ్ అనేది వేరే సంగతి. పాట పాడినవాడు వదులుకున్న సొమ్ములో మీ వాటా అది, కంపెనీ లాభంతో దానికి సంబంధం లేదు.

మీ 8 లక్షలకు వస్తాను. ముందు వచ్చే పంట ఖర్చు పక్కన పెట్టండి. పొగాకు కాల్చే బ్యారన్ రిపేర్లు, కట్టెలు, కూలీలు ఇవన్నీ కలిపి లక్షన్నర అనుకుంటే అది ఏడాదిలోపు ఎఫ్‌డీలో ఉండాలి. దాన్ని షేర్లలో పెట్టవద్దు, ఐదేళ్ల స్కీములో బిగించవద్దు. తర్వాత 5 లక్షలు నాన్నగారి పేర పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. దీని రేటు 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం అయింది. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు చూస్తుంది కానీ, మీరు వేసిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ మీకు వర్తిస్తుంది. 8.2 లెక్కన మూడు నెలలకోసారి 10,250 రూపాయలు ఖాతాలో పడతాయి. అమ్మగారి మందులకు, ఇంటి ఖర్చుకు ఇది ఆధారం. ఏడాదిలోపు తీసేస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు, అందుకే పంట డబ్బు ముందే వేరు చేయమన్నాను.

మిగిలిన లక్షన్నర, మీరు ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి, ఏడెనిమిదేళ్లు ముట్టుకోకుండా ఉండగలమనుకుంటేనే షేర్లలోకి పోనివ్వండి. నేనైతే ఒక కంపెనీ షేరు బదులు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ గ్రోత్ ఆప్షన్ తీసుకుని, ఏడాది పొడుగునా నెలకు కొంత చొప్పున వేయమంటాను. అందులో యాభై కంపెనీల డివిడెండ్లు ఫండ్‌లోకే పోయి పెరుగుతాయి. ఒక ఏడు ఒక కంపెనీ డివిడెండ్ ఆపినా మీకు టెన్షన్ ఉండదు. ఆ ఏజెంటుకు ఇది నచ్చకపోవచ్చు, కమిషన్ తక్కువ.

తాతగారి కాగితాల గురించి. పారేయకండి. పాత రోజుల్లో డివిడెండ్ వారెంట్లు (చెక్కుల్లాంటివి) పోస్టులో వచ్చేవి, గడువులోపు బ్యాంకులో వేయకపోతే చెల్లేవి కావు, చాలా ఇళ్లలో అలాగే పెట్టెల్లో ఉండిపోయాయి. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండ్‌ను కంపెనీ ప్రభుత్వ ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు (ఐఈపీఎఫ్) పంపేస్తుంది. వరసగా ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లు కూడా అక్కడికే పోతాయి. పోయినంత మాత్రాన మీ హక్కు పోదు. సర్టిఫికెట్ మీద ఉన్న ఫోలియో నంబరు, తాతగారి పేరు స్పెల్లింగు అక్షరం అక్షరం రాసుకోండి. కంపెనీ పేరు మారిందేమో, ఇంకోదానిలో కలిసిందేమో చూడండి. ఆ ఫండ్ వెబ్‌సైట్లో పేరు వెతికితే అక్కడికి చేరిందో లేదో తెలుస్తుంది. తర్వాత కంపెనీ రిజిస్ట్రారుకు మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు పంపి, ఆ షేర్లు మీకు చెందుతాయని చెప్పే అర్హత లేఖ తెప్పించుకుని, ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్లో పెట్టాలి. విలువ ఐదు లక్షల లోపైతే వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టుకు పోవాల్సిన పని సాధారణంగా ఉండదు. ఈ ఫారానికి ప్రభుత్వ ఫీజు లేదు. సగం వాటా ఇస్తే తెచ్చిపెడతామని ఫోన్లు చేసేవాళ్లకు ఒరిజినల్ కాగితాలు చేతికివ్వకండి. నాన్నగారి పేర డీమ్యాట్ ఖాతా (షేర్లను కాగితం లేకుండా కంప్యూటర్లో ఉంచే ఖాతా) ముందే తెరిచి, అమ్మగారిని నామినీగా పెట్టి, వాడుకలో ఉన్న బ్యాంకు ఖాతానే దానికి జత చేయండి. షేర్లు తిరిగి వచ్చేది ఆ డీమ్యాట్‌లోకే.